రెండవ ఏట కప్పు రాకపోయిన యెడల

ఈ పత్రికలో క్రికెట్టు సంగతి ఏల అని పెద్దలు అడుగవచ్చును. పరుగు పందెమును, పిడిగుద్దుల పోటీని అపొస్తలుడైన పౌలు తన పత్రికలలో ఉపమానములుగా వాడుకొనెను గనుక ఈ త్రోవలో నడిచినవారిలో నేను మొదటివాడను కాను. అయినను ఒక మాట ముందుగానే ఒప్పుకొనుచున్నాను. నేను ఆట తెలిసినవాడను కాను. చిన్నతనమున చిర్రగోనె తప్ప మరి ఏ ఆటయు ఆడి ఎరుగను. ఒక రైతు నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు కారణము. అతడు క్రికెట్టు మాటలలోనే అడిగెను గాని అతడు అడిగినది క్రికెట్టును గూర్చి కాదు.

అది 2008వ సంవత్సరపు వేసవి. అప్పుడు నేను దేవరకొండ ప్రాంతములో ఒక పల్లె సంఘమునకు కాపరిగా ఉంటిని. ఏప్రిల్ నెల మూడవ వారమునుండి సాయంకాలపు ప్రార్థనకు యౌవనస్థులు వచ్చుట తగ్గిపోయెను. వచ్చినవారును గడియారమువైపు చూచుచు కూర్చుండిరి. సంగతి ఏమని విచారింపగా, ఇండియన్ ప్రీమియర్ లీగ్ అను క్రొత్త పోటీ మొదలైనదనియు, ఎనిమిది నగరముల పేర ఎనిమిది జట్లు ఏర్పడినవనియు, ఒక్కొక్క జట్టు ఇరువది ఓవర్లు మాత్రమే ఆడును గనుక మూడు గంటలలో ఆట ముగిసిపోవుననియు చెప్పిరి. మన హైదరాబాదు జట్టు పేరు దక్కన్ చార్జర్స్. పల్లెలో టీవీ ఉన్న ఇండ్లు కొన్ని; కరెంటు ఉండు గంటలు ఇంకను కొన్ని. అయినను కరెంటు నిలిచిన రాత్రి ఒక్కొక్క అరుగుమీద ముప్పది మంది కూర్చుండెడివారు.

ఆ జట్టును దక్కన్ క్రానికల్ పత్రికవారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనిరి. ఆటగాండ్రను ఆ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన ముంబయిలో వేలము వేసిరి. మనుష్యులను వేలము వేయుట అను మాట వినగానే యోసేపును అమ్మివేసిన అన్నలు నాకు జ్ఞాపకమునకు వచ్చిరి. అయితే ఇచ్చట అమ్ముడుపోయినవాడే ధనము పుచ్చుకొనును గనుక అతని కొరకు కన్నీరు కార్చవలసిన పని లేదని మా యౌవనస్థులు నాకు బోధించిరి.

ఆ వేలమును గూర్చి ఒక సంగతి చెప్పవలెను. జట్టుకు నాయకుడు వి.వి.యస్. లక్ష్మణ్. హైదరాబాదువాడే. 2001వ సంవత్సరములో కలకత్తాలో ఆస్ట్రేలియామీద 281 పరుగులు చేసి, ఓడిపోవుచున్న దేశమును నిలువబెట్టినవాడు. ఆ పోటీలో ఒక నియమముండెను. సచిన్ టెండూల్కర్, సౌరవ్ గంగూలీ, రాహుల్ ద్రావిడ్, వీరేంద్ర సెహ్వాగ్, యువరాజ్ సింగ్ అను అయిదుగురిని వారి వారి నగరముల జట్లకే ప్రత్యేకించి వేలమునకు పెట్టలేదు. తన జట్టులో అందరికంటె ఎక్కువ ధర పలికిన ఆటగానికి ఇచ్చినదానికంటె నూటికి 15 వంతులు హెచ్చుగా వారికి ఇయ్యవలెను. హైదరాబాదునకు ఆ గౌరవము లక్ష్మణ్‌కు రావలసినది. అతడు దానిని వద్దనెను. ఏలయనగా వేలములో ఒక్కొక్క జట్టు ఖర్చు చేయదగిన మొత్తము 50 లక్షల డాలర్లు. నాయకుడే పెద్ద వాటా తీసికొనిన యెడల మంచి ఆటగాండ్రను తెచ్చుకొనుటకు జట్టు చేతిలో సొమ్ము తగ్గును. అతడు 3,75,000 డాలర్లకు జట్టులో నిలిచెను. అదే జట్టు ఆస్ట్రేలియావాడైన ఆండ్రూ సైమండ్సును 13,50,000 డాలర్లకు కొనెను. మనవంటివారికి 3,75,000 డాలర్లును లెక్కకు అందని ధనమే. అయినను చేతికి రానున్నదానిని చెయ్యి ముడుచుకొని విడిచిపెట్టుట ఎంత కలిగినవానికైనను సులువైన పని కాదు. సంఘపు కానుకల లెక్క చూచు పెద్దలకు ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

సైమండ్స్, గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ, రోహిత్ శర్మ: ఈ పేర్లు విని మా పిల్లలు కప్పు మనదే అనిరి.

ఏప్రిల్ 20వ తేదీన కలకత్తాలో మొదటి ఆట. మనవారు 110 పరుగులకు అందరును ఔటై ఓడిపోయిరి. రెండు దినముల తరువాత ఉప్పల్ మైదానములో ఢిల్లీతో ఆట. సెహ్వాగ్ ఒక్కడే 94 పరుగులు చేసి మనవారిని ఓడించెను. మరి రెండు దినములకు అక్కడనే రాజస్థాన్‌తో ఆట. ఈ మూడవ ఆటను నేనును చూచితిని. అరుగుమీద కాదు, కిటికీలోనుండి, కాపరి గదా. ఆ రాత్రి సైమండ్స్ 53 బంతులలో 117 పరుగులు చేసెను. జట్టు 214 పరుగులు చేసెను. ఇంత పెద్ద మొత్తమును దాటుట కష్టమని అందరును సంతోషించిరి. అయితే ఆట చివరి ఓవరు వరకు వచ్చెను. ఆ ఓవరు వేయుటకు బంతి సైమండ్స్ చేతికే వచ్చెను. ఎదుట నిలిచినవాడు రాజస్థాన్ నాయకుడైన షేన్ వార్న్. అతడు బంతులు వేయుటలో లోకమంతట పేరుపొందినవాడు గాని కొట్టుటలో కాదు. అట్టివాడు ఆ ఓవరులో సిక్సర్లు కొట్టి, ఇంక ఒక బంతి మిగిలియుండగనే ఆట గెలిచెను. మూడు గంటల క్రితము జనులు ఎవని పేరు ఎత్తి కేకలు వేసిరో వాడే ఇప్పుడు తల వంచుకొని మైదానము విడిచెను. అరుగుమీద ఒక ముసలమ్మ, ఆమెకు ఆట ఏమియు తెలియదు, "పాపం, ఆ పిలగాడే గెలిపిస్తుండె, ఆ పిలగాడే ఓడగొట్టె" అనెను. ఆ వార్న్, ఆ సైమండ్స్ ఇద్దరును 2022వ సంవత్సరములోనే మరణించిరి. ఒకడు మార్చిలో, ఒకడు మే నెలలో. ఆ వార్త చదివిన దినమున నాకు జ్ఞాపకము వచ్చినది గెలుపును ఓటమియు కాదు, ఆ ముసలమ్మ మాట.

మిగిలినది త్వరగా చెప్పెదను. ఏప్రిల్ 27వ తేదీన ముంబయి జట్టుమీద, ముంబయి ప్రాంతములోనే, గిల్‌క్రిస్ట్ 47 బంతులలో 109 పరుగులు చేయగా మనవారు ఒక్క వికెట్టును పోగొట్టుకొనకుండ గెలిచిరి. బెంగళూరులో 3 పరుగుల తేడాతో ఓడిరి. మే 6వ తేదీన మద్రాసులో చెన్నై జట్టుమీద గెలిచిరి. అంతే. తరువాత వరుసగా ఏడు ఆటలు ఓడిరి. లక్ష్మణ్‌కు గాయమగుటచేత నాయకత్వము గిల్‌క్రిస్ట్ చేతికి వెళ్లెను. మొత్తము 14 ఆటలలో 2 గెలిచి 12 ఓడిరి. ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానము. గెలిచిన రెండును పరాయి ఊళ్లలో గెలిచినవే. సొంత ఊరైన హైదరాబాదులో ఏడు ఆటలు ఆడి ఒక్కటియు గెలువలేదు.

మే 27వ తేదీన ఉప్పల్‌లో చివరి ఆట. అప్పటికి గెలిచినను ఓడినను చివరి స్థానమే. మా సంఘమువాడైన ఒక పడుచువాడు రెండు దినముల కూలి డబ్బులు పట్టుకొని ఆ ఆట చూచుటకు బస్సెక్కెను. మరునాడు తెల్లవారుజామున బస్సు దిగి కండ్లు నులుముకొనుచు వచ్చుచుండగా దారిలో నాకు ఎదురుపడెను. నేను గద్దించితిని. "ఓడిపోయేది తెలిసీ పోతివి. పైసలు దండుగ చేస్తివి" అంటిని. అతడు కోపపడలేదు. "మనోళ్లు ఓడిపోయిండ్రు అయ్యగారూ, గని ఉరుకుడు మాత్రం ఆపలే" అని చెప్పి ఇంటికి వెళ్లి పండుకొనెను. ఆ మాట నాకు చెవిలో పడెను గాని లోనికి దిగలేదు.

ఇప్పుడు నా తప్పిదము చెప్పవలసియున్నది.

మరుసటి సంవత్సరము, అనగా 2009లో, దేశములో పార్లమెంటు ఎన్నికలు వచ్చుటచేత ఆ పోటీని దక్షిణాఫ్రికాలో జరిపిరి. అక్కడ అదే దక్కన్ చార్జర్స్, గిల్‌క్రిస్ట్ నాయకత్వమున, మే 24వ తేదీన జొహానెస్‌బర్గులో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచెను. ఆ ఫైనలులో నాయకుడైన గిల్‌క్రిస్ట్ తాను సున్నకు ఔటయ్యెను, అది వేరే సంగతి. ఓడిపోయిన బెంగళూరు జట్టును ముందటి ఏట ఏడవ స్థానములో ఉండినదే. చివరివారిద్దరు మొదటివారిద్దరైరి. ఇంత మంచి దృష్టాంతము ఒక కాపరి చేతికి దొరికిన తరువాత అతడు ఊరకుండునా? వచ్చిన ఆదివారము పెంతెకొస్తు దినము. పరిశుద్ధాత్మను గూర్చి ప్రసంగింపవలసిన దినమున నేను దక్కన్ చార్జర్స్‌ను గూర్చి ప్రసంగించితిని. ఈ ఏడు చివరివాడవైతే దిగులుపడకుము, వచ్చే ఏడు కప్పు నీదే, ఓర్చుకొనుము, నీ ఓటమి అంతయు నీ గెలుపునకు మెట్టు అని బల్ల గుద్ది చెప్పితిని. యౌవనస్థులు ఎంతో సంతోషించిరి. ఆ దినమున కానుకలును కొంచెము హెచ్చుగానే పడెనని జ్ఞాపకము.

ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్దలలో ఒకడు అందరును వెళ్లువరకు వేపచెట్టు క్రింద నిలిచియుండెను. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలు ఎట్లు పెంచుదురో, ఎట్లు ఎండిపోవునో మీలో అనేకులకు తెలియును. అయిదారేండ్లు పసిబిడ్డను సాకినట్టు సాకినగాని చెట్టు సరిగా కాయదు. ఈయన మూడెకరములు పెట్టి, అప్పు చేసి, నీళ్లు పోసి పెంచెను. సరిగ్గా కాపునకు వచ్చిన వేళ బోరు ఎత్తిపోయెను. రెండవ బోరు వేసెను, నీళ్లు రాలేదు. మూడవదానిలో దుబ్బ లేచెను. ట్యాంకరుతో నీళ్లు తెచ్చి ఒక్కొక్క పాదులో పోసెను. నేను ఆ ప్రసంగము చేయునాటికి ఆ చెట్లు నరికి కట్టెలుగా అమ్మివేసి రెండు నెలలు కాలేదు. ఆయన అడిగినది ఇది:

"అయ్యగారూ, మంచిగనే చెప్పిండ్రు. గని ఒక్కటడుగుత. రెండో ఏడు కప్పు రాకపోతే, మొదటేడు ఆడిందంత ఉత్తదేనా?"

నేను ఏదో చెప్పితిని. దేవుని చిత్తము అని, కాలము అని, ఓపిక అని. ఆయన తల ఊపి వెళ్లిపోయెను. జవాబు దొరికినందుకు ఊపిన తల కాదు అది. పెద్దమనిషి గనుక నన్ను నొప్పింపక విడిచిపెట్టుటకు ఊపిన తల.

ఈ దినములలో మన కూటములలో సాక్ష్యము అనగా గెలిచినవాడు లేచి చెప్పునదే అయిపోయినది. పిల్లవానికి ఉద్యోగము వచ్చినది, రోగము పోయినది, కేసు కొట్టివేయబడినది. మంచిదే. అయితే ఉద్యోగము రానివాడు, రోగము పోనివాడు లేచి, నేను ఈ సంవత్సరమంతయు నా పని మానలేదు అని సాక్ష్యము చెప్పగా మీరు ఎప్పుడైన వింటిరా? చెప్పిన యెడల మనము దానిని సాక్ష్యమని ఎంచుదుమా? వచ్చే ఏడు గెలిచి రమ్ము, అప్పుడు మైకు ఇచ్చెదమని అందుము.

ఆ ప్రశ్నను మోసికొని తిరుగుచుండగా, నేను సెమినరీలో ఉన్నప్పుడు చదివిన ఒక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. అచ్చటి గ్రంథాలయములో ఎవరో అమెరికా మిషనెరీ విడిచి వెళ్లిన పాత పుస్తకములలో బేస్‌బాల్ అను ఆటను గూర్చిన పుస్తకమొకటి ఉండెను. అదియు కర్రతో బంతిని కొట్టి పరుగెత్తు ఆటయే. క్రికెట్టునకు దూరపు చుట్టము. 1899వ సంవత్సరములో క్లీవ్‌ల్యాండ్ నగరమునకు స్పైడర్స్, అనగా సాలెపురుగులు, అను జట్టు ఉండెను. దాని యజమానులైన రాబిసన్ సోదరులు సెయింట్ లూయిస్ నగరపు జట్టును కూడ కొనిరి. రెండు జట్లును వారివే గనుక, సై యంగ్ మొదలైన మంచి ఆటగాండ్రనందరిని సెయింట్ లూయిస్ జట్టులోనికి మార్చి, క్లీవ్‌ల్యాండులో మిగిలినవారిని మిగిల్చిరి. ఆ మిగిలినవారు ఆ ఏడు 154 ఆటలు ఆడి 20 గెలిచి 134 ఓడిరి. సొంత ఊరిలో చూచువారు లేకపోయిరి. టికెట్ల సొమ్ములో తమ వంతు దారి ఖర్చుకైనను చాలదని పరాయి జట్లు ఆ ఊరికి వచ్చుట మానెను. అందుచేత సంవత్సరము చివరి నెలలు వారు రైలెక్కి ఊరూరు తిరిగి ఓడిపోవుచుండిరి. సంవత్సరాంతమున లీగువారు ఆ జట్టును తీసివేసిరి.

అదే దేశములో 1962లో క్రొత్తగా ఏర్పడిన న్యూయార్క్ మెట్స్ అను జట్టు 120 ఆటలు ఓడి, ఏడేండ్లకు, 1969లో, అందరిలోను మొదటిదై కప్పు గెలిచెను. నా పెంతెకొస్తు ప్రసంగమునకు ఇదియు చక్కగా సరిపోయెడిది. అయితే మా పెద్దయ్య అడిగినది మెట్స్‌ను గూర్చి కాదు, స్పైడర్స్‌ను గూర్చి. వారికి రెండవ ఏడు లేదు. వారు 1899లో ఆడినదంతయు ఉత్తదేనా?

ఇచ్చట రెండు సంగతులను కలిపివేయకూడదని నాకు తోచుచున్నది. జట్టును ఖాళీ చేసి పంపినవారి క్రియ వేరు, పంపబడి ఓడినవారి క్రియ వేరు. ఆ ఓటములన్నిటిలో అవమానము దేనికైన అంటియున్న యెడల అది యజమానుల పద్దు పుస్తకమునకే గాని రైలెక్కి తిరిగిన ఆటగాండ్రకు కాదు. మన ఊళ్లలో మాత్రము మనము దీనిని తలక్రిందులు చేయుదుము. ఎండిన తోటగల రైతును చూచి, వానికి తెలివి చాలలేదు, లేక వాని ఇంట ఏదో పాపమున్నదని చెప్పుకొందుము. యోబు స్నేహితులు మన రచ్చబండలమీద ఇంకను కూర్చుండియున్నారు.

ఓటమి అవమానము కాదని చెప్పినంత మాత్రమున పెద్దయ్యకు జవాబు కాదు. ఉత్తదా కాదా అని ఆయన అడిగెను. కొన్ని సంవత్సరముల తరువాత ఒక సాయంకాలము మా అబ్బాయి సెల్‌ఫోనులో ఆ 2008వ సంవత్సరపు పట్టికను తీసి నాకు చూపించెను. గెలిచిన ఆటకు 2 గుర్తులు, ఆట నిలిచిపోయిన యెడల చెరి 1. అప్పుడు మొదటి నలుగురే సెమీఫైనలునకు వెళ్లెడివారు. నాలుగవ స్థానము ఢిల్లీది, 15 గుర్తులు. అయిదవ స్థానము ముంబయిది, 14 గుర్తులు. ఒక్క గుర్తు తేడాతో ముంబయి వెనుకకు ఉండిపోయెను. నేను వ్రేలు పెట్టి చూచుచు ఆగిపోతిని. ఏప్రిల్ 27న ముంబయిని ఓడించినది ఎవరు? ఎనిమిదవ స్థానమువారు. ఆ ఒక్క ఆట ముంబయి గెలిచియుండిన యెడల దానికి 16 గుర్తులై ఢిల్లీని దాటియుండును. నాలుగవ స్థానము ఎవరిదో చివరి స్థానమువాడు తేల్చివేసెను.

ఇంకను చూడుడి. ఆశ దాదాపు అడుగంటిన తరువాత, మే 15న మనవారు ఢిల్లీతో ఆడిరి, 12 పరుగుల తేడాతో ఓడిరి. మే 18న ముంబయితో ఆడిరి, 25 పరుగుల తేడాతో ఓడిరి. ఆ నాలుగవ స్థానము కొరకు పోరాడుచున్నవారిలో ఆ ఇద్దరును ఉండిరి. మనకు ఎట్లును లేదు గదా అని మనవారు ఒకరితో గట్టిగా ఆడి మరియొకరితో చేతులు వదలివేసియుండిన యెడల, ఆ రెండు జట్లలో ఒకదానికి అన్యాయము జరిగియుండును. తనకు ఏమియు మిగలని ఆటలో కూడ ఇతరుల న్యాయము వాని చేతిలో ఉన్నది. చివరివాడు సరిగా ఆడిననే మొదటివాని గెలుపు గెలుపగును. లేనియెడల పట్టికయంతయు అబద్ధమగును.

కాబట్టి ఆ ఆటలు ఉత్తవి కావు. అవి బాకీ తీర్చిన ఆటలు. ఎవరికి బాకీ అనగా, ఎదుటి జట్టునకు, పట్టికలోని మిగిలిన జట్లకు, రెండు దినముల కూలి పెట్టి బస్సెక్కి వచ్చిన మా పడుచువానికి. వచ్చే ఏటి కప్పు ఆ బాకీలో లెక్కకు రాదు.

ఇందులో ఒక లోపమున్నదని నాకు తెలియును. మీరు అడుగకముందే చెప్పెదను. ఆటగాడు ఓడినను వాని డాలర్లు వానికి ముట్టును. రైతు ఓడిపోయిన యెడల వాని చెల్క పోవును, భార్య పుస్తె కుదువకు పోవును, కొందరి విషయములో ప్రాణమే పోవును. పాలమూరునుండి బస్సులు నిండ వలసపోయినవారికి, వేలములో 3,75,000 డాలర్లకు అమ్ముడుపోయినవానిని చూపించి ఓర్చుకొనుడని చెప్పు కాపరి కొంచెము సిగ్గుపడవలెను. నేను పడుచున్నాను. నెల జీతము పుచ్చుకొనువాడను గనుక ఈ విషయములో నేను ఆటగాని ప్రక్కనే గాని రైతు ప్రక్కన లేను. బోరు వేయుటకు అప్పు దొరకనివానికి ఆదరణ మాట కాదు, నీళ్లు కావలెను. సంఘము ఏమి చేయగలదో అది వేరుగా చేయవలెను. అయితే పెద్దయ్య నన్ను నీళ్లు అడుగలేదు. తన ఏండ్లకు అర్థము అడిగెను. దానిని ఇయ్యక తప్పించుకొనుటకు బీదతనమును సాకుగా చూపుటయు న్యాయము కాదు.

ఇక లక్ష్మణ్ సంగతి. తన వాటా తగ్గించుకొని జట్టును కట్టినవాడు గదా. 2009లో నాయకత్వము అతనిది కాదు. జొహానెస్‌బర్గులో ఫైనలు ఆడిన పదకొండుగురిలో అతడు లేడు. 2011వ సంవత్సరమునకు అతడు కొచ్చి జట్టులో ఉండెను. 2012 సెప్టెంబరులో క్రికెట్టు బోర్డువారు దక్కన్ చార్జర్స్‌నే రద్దు చేసిరి. నేడు ఆ పేరుగల జట్టు లేదు. హైదరాబాదు తరపున 2013నుండి ఆడుచున్నది సన్‌రైజర్స్ అను వేరొక జట్టు. నా ప్రసంగములోని కప్పు ఎంతకాలము నిలిచెనో చూచితిరా? నెబో కొండమీద నిలువబడిన మోషేకు ఆ దేశము కండ్లకు కనబడెను గాని కాలికి తగులలేదు. అంతమాత్రమున నలువది ఏండ్ల నడక వ్యర్థమని మనలో ఎవరును బోధింపరు. మరి మన సంఘస్థుని విషయములో ఏల అట్లు బోధించుచున్నాము? లక్ష్మణ్ ఆ ఫిబ్రవరిలో చేసిన పని ఆ ఫిబ్రవరిలోనే పూర్తియైనది. అది సరియైన పనియా కాదా అనుటకు 2009 మే నెలను సాక్షిగా పిలువనక్కరలేదు.

ఇదంతయు ఇప్పుడు వ్రాయగలుగుచున్నాను గాని, ఆ పెద్దయ్య నాకు ఇంతకు ముందే చెప్పియుండెను. నేను వినలేదు.

ఆ ప్రసంగము జరిగిన రెండు వారములకు, జూన్ నెలలో, ఒక వాన పడెను. ఆ ఏడు వానలు సరిగా రాలేదు. ఆ ఒక్కటి పడి చాలా దినములు మొగము చాటువేసెను. మరునాడు ఉదయమున ఆయనకు సరియైన జవాబు చెప్పవలెనని, వాక్యములు కొన్ని చీటీమీద వ్రాసికొని ఆయన చెల్కకు వెళ్లితిని. మూడెకరములలో ఎక్కడ చూచినను నరికిన బత్తాయి మోడులే. విత్తనము పెట్టు ఆలోచన ఆయనకు లేదు; చేతిలో విత్తనమును లేదు. అయినను తల పాగ చుట్టుకొని, పార పట్టుకొని, రాత్రి వానకు తెగిన ఒడ్డుకు మన్ను ఎత్తి పోయుచుండెను.

"చేనుల ఏం లేకపాయె గద పెద్దయ్యా, ఒడ్డు ఎందుకు?" అని అడిగితిని.

ఆయన నడుము ఎత్తి, పల్లమువైపు చూపించెను. క్రింది చెల్కలో ఎవరో తొలివానకు ఆముదాలు పెట్టియుండిరి.

"నాది ఎండిపాయె. కింద వాళ్లది ఎండలే గద అయ్యగారూ. నా ఒడ్డు తెగితే వాళ్ల విత్తనం కొట్టుకపోతది."

నేను చీటీ జేబులోనే ఉంచుకొంటిని. ఆయన తుమ్మచెట్టు మొదటివైపు తల ఊపి, "ఇంకో పార ఉన్నది" అనెను. నేను చెప్పులు విడిచి క్రిందికి దిగితిని.